శ్రుతి పెరిగితే బ్రేకు

పోయిన వారం వదినని ఎక్కడ వదిలేశామో గుర్తుందా? డ్రైవింగ్ పరీక్ష మైదానం గేటు బయట, కారు స్టీరింగు ముందు, రెండోసారి తప్పిన మొహంతో. పక్క సీట్లో మాస్టారు. ఆయన "పర్లేదమ్మా, మళ్ళీ రాద్దాం, అదే, మళ్ళీ నడుపుదాం" అంటూ దిగబోతుంటే వదిన తలుపు లాక్ చేసి, "కూర్చోండి మాస్టారూ, మీతో మాట్లాడాలి" అంది. మాస్టారు కూర్చున్నారు. పాపం, వారం రోజులుగా అలాగే కూర్చుని ఉన్నారు.

మధ్యలో ఎక్కినవాళ్ళ కోసం రెండు ముక్కలు. వదిన పనిచేసేది హోటళ్ళ దుప్పట్లూ తువ్వాళ్ళూ ఉతికే పెద్ద లాండ్రీలో. ఇస్త్రీ బల్ల దగ్గర ఆవిడకి తిరుగులేదు. అక్కడ అందరికీ ఆవిడ వదిన, కాబట్టి మనకీ వదినే. అదే లాండ్రీ వ్యాను తోలేది వాళ్ళాయన, అంటే మన అన్నయ్య. ఈ మధ్య కళ్ళ డాక్టరు ఆయన్ని పరీక్షించి, చూపు పక్కలకి ఆనడం లేదు, ఇక వ్యాను ముట్టుకోవద్దు అని తేల్చేశాడు. అప్పట్నుంచి అన్నయ్య ఇంట్లో కుర్చీ తోలుతున్నాడు. ఆ వ్యాను వదిన చేతికొస్తే సంసారం గట్టెక్కుతుంది. కానీ వదినకి సెన్సుంది, లైసెన్సు లేదు. లాండ్రీ యజమానురాలు ముందే చెప్పేసింది: "రేపు పొద్దున్నకి లైసెన్సు చూపిస్తే వ్యాను మీ ఇంటిదే. లేకపోతే వేరే మనిషిని పెట్టుకుంటాను. ఏమీ అనుకోకు." ఏమీ అనుకోకు అన్నప్పుడే కదా మనిషి అన్నీ అనుకునేది!

"మాస్టారూ, మీరు నాకు డ్రైవింగ్ నేర్పలేదు" అంది వదిన.

"అదేం మాటమ్మా! గేర్లు ఎవరు నేర్పారు? రివర్సు ఎవరు నేర్పారు?"

"అవి కారు నేర్పింది. మీరు స్తోత్రం నేర్పారు."

"ఏ స్తోత్రం?"

"కారెక్కిన దగ్గర్నుంచి దిగేదాకా చదువుతారే, అది."

మాస్టారి మొహంలో రంగు మారింది. "అది... అది నేను మనసులో కదమ్మా చదువుకునేది!"

వదిన ఆయన వంక పరీక్షగా చూసింది. పొద్దున్నించీ ఆవిడకి ఎదురైన పరీక్షల్లో ఇదొక్కటే తేలిక. అది అబద్ధమాడే మొహం కాదు.

"మీ మనసు చాలా పెద్దది మాస్టారూ. వెనక సీటుదాకా వినపడుతుంది."

"నిజంగా?"

"నిజంగా. ఇస్త్రీ చేస్తూ నేనూ అదే పాడుతున్నాను. మా ఆయన భోజనానికి కూర్చుంటూ అందుకుంటున్నాడు. మీ దగ్గర నేర్చుకున్న పళ్ళ డాక్టరు ఉన్నాడే, ఆయన పళ్ళు పీకేటప్పుడు కూడా అదే గొణుగుతాడట. పేషెంట్లు తమ కోసమే చదువుతున్నాడనుకుని బెదిరిపోతున్నారు."

మాస్టారు నవ్వబోయి ఆగారు. ఎందుకంటే వదిన నవ్వడం లేదు.

విషయమేమిటంటే, దారి సాఫీగా ఉన్నంతసేపూ మాస్టారి స్తోత్రం గొణుగుడు. మలుపొస్తే మాటలు విడివిడిగా వినిపిస్తాయి. ఎదురుగా బండి వస్తే గొంతు లేస్తుంది. శ్రుతి మించితే బ్రేకు. ఈ పద్ధతి ఎవరూ ఎవరికీ చెప్పలేదు, ఎవరూ పెట్టుకోలేదు. పక్కనున్న మనిషి గొంతుని బట్టి వదిన కాలు తనంతట తానే ఆడటం మొదలెట్టింది. జనం కళ్ళతో నేర్చుకునే విద్యని ఆవిడ చెవులతో నేర్చుకుంది. యంత్రంలో కూర్చుని మంత్రాన్ని నమ్ముకుంది.

అలాంటి మనిషిని తీసుకెళ్ళి ఆ పరీక్షాధికారి పక్కన కూర్చోబెట్టారు. ఆయన నోట్లో ఉన్నవి మూడే మాటలు. ఎడమ, కుడి, ఆపండి. మిగతా సమయమంతా అంటించిన కవరులా ఉంటాడు. మొదటి పరీక్షలో తెల్లగీత దగ్గర ఆగాలి. శ్రుతి పెరుగుతుందేమోనని వదిన ఎదురుచూసింది, పెరగలేదు, గీత దాటేసింది. ఇవాళ పొద్దున్న రెండో పరీక్షలో మలుపు దగ్గర చెవులు రిక్కించి, కళ్ళ సంగతి మరిచి, కాలిబాట అంచు ఎక్కించింది.

"ఆయన మాట్లాడకపోతే అంతా బాగానే ఉందనుకోవాలా, భయంతో నోరు పడిపోయిందనుకోవాలా? నాకెలా తెలుస్తుంది?" అంది వదిన.

మాస్టారు గడ్డం గోక్కున్నారు. "ఈ ఏడు నా దగ్గరకొచ్చినవాళ్ళు తప్పుతూనే ఉన్నారమ్మా. మైదానం దోషమనుకున్నా. గీతలు కొత్తగా వేశారు కదా, వాటి దోషమనుకున్నా. నా నోటి దోషమని అనుకోలేదు."

"అయితే ఇప్పుడు చూద్దాం. తప్పుగా అనుకోకండి, కాసేపు నోరు మూసుకుని కూర్చోండి. నేనో చుట్టు తిప్పుతాను."

మాస్టారు జేబు రుమాలు తీసి మడతపెట్టి నోటికి అడ్డం కట్టుకున్నారు. వదిన కారు తీసింది.

మైదానం వెనక వీధి గిడ్డంగుల వీధి. రెండు పక్కలా ఇనప షట్టర్లు, సగం కాలిబాట మీద పేర్చిన అట్టపెట్టెలు. వదిన కళ్ళు పెద్దవి చేసుకుని నడుపుతోంది. కారు బాగానే పోతోంది. మాస్టారే బాగాలేరు. చెమటలు పడుతున్నాయి. రుమాలు వెనక పెదాలు కదులుతున్నాయి. ప్రెషర్ కుక్కరు మూతలా ఆయన గొంతు లోపల్లోపలే ఎగిరెగిరి పడుతోంది.

ఇంతలో కుర్చీలూ బల్లలూ అమ్మే షాపు ముందు నుంచి ఒక లారీ వెనక్కి రావడం మొదలెట్టింది. వదిన చూసింది. చూసింది కానీ, చెవి కోసం ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత బలమంతా వేసి బ్రేకు తొక్కింది. కారు లారీకి జానెడు దూరంలో ఆగింది. లారీవాడు దిగివచ్చి అద్దంలోంచి లోపలికి చూసి, నోటికి రుమాలు కట్టుకున్న పెద్దమనిషిని గమనించి, తనకెందుకొచ్చిన గొడవని వెనక్కెళ్ళిపోయాడు.

వదిన మాత్రం మాస్టారినే చూస్తోంది. ఆయన రెండు చేతులూ ముందు అద్దానికి ఆనించి ఉన్నాయి. కాళ్ళు మాత్రం కదల్లేదు. నేర్పే కారు కదా, ఆయన వైపు కూడా ఒక బ్రేకుంటుంది. అది ఉన్నదే ఇలాంటప్పుడు తొక్కడానికి.

"మీ దగ్గర బ్రేకుంది. ఎందుకు తొక్కలేదు?"

"నువ్వు తొక్కుతావు కదాని."

"నేను తొక్కకపోతే?"

మాస్టారు రుమాలు తీసి జాగ్రత్తగా మడతపెట్టడం మొదలెట్టారు. వదిన వంగి, వేలి కణుపులతో ఆయన కుడి మోకాలి కింద తట్టింది, తలుపు తట్టినట్టు. లోపల ఎవరూ పలకలేదు. మళ్ళీ తట్టింది. మాస్టారు రుమాలు మడతలే చూసుకుంటున్నారు. తడుతున్న సంగతే ఆయనకి తెలియలేదు.

"ఎప్పట్నుంచి?" అంది వదిన.

ఆయన తలెత్తి, ఆవిడ చెయ్యి ఎక్కడుందో అప్పుడు చూశారు.

"చలికాలం నుంచి" అన్నారు. వాతావరణం గురించి చెప్పినట్టు మామూలుగా చెప్పారు. "నడుములో నరం ఏదో నొక్కుకుందిట. నడుస్తాను. చూస్తూ నడుస్తాను. కిందికి చూస్తేగానీ కాలు నేలమీదుందో గాల్లో ఉందో తెలియదు. ఇక్కడా అంతే. బ్రేకు మీద పెట్టానో, పక్కన పెట్టానో కిందికి చూడాలి. కిందికి చూస్తే రోడ్డెవరు చూస్తారు?"

"స్తోత్రం కూడా చలికాలం నుంచేనా?"

మాస్టారు ఆలోచించారు. ఆ రెంటినీ ఆయన అంతవరకూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదని మొహమే చెబుతోంది. "చిన్నప్పుడు మా నాయనమ్మ నేర్పింది. ఉరుమొస్తే చదవమనేది, జ్వరమొస్తే చదవమనేది. ఇంట్లో ఎప్పుడూ చదివేవాణ్ణే. కార్లో అవసరం పడలేదు. కార్లో బ్రేకుండేది." ఒక్క క్షణం ఆగి, తనలో తనే అన్నట్టు అన్నారు: "ఒక పాదం పడిపోయింది. శ్లోకానికి నాలుగు పాదాలున్నాయి. వాటిని పట్టుకున్నా."

ఇంకో రోజైతే వదిన ఈ మాటకి పొట్ట పట్టుకుని నవ్వేది. ఇవాళ స్టీరింగు పట్టుకుని కోప్పడింది.

"బాగుంది మాస్టారూ. నన్నూ, రోడ్డు దాటే బడి పిల్లల్నీ, ఆ లారీవాణ్ణీ అందర్నీ శ్లోకం మీద వదిలేశారన్న మాట! మీరు చదివారు, మేం బతికాం. మీకు దగ్గొస్తే మా గతేమిటి?"

"తప్పేనమ్మా."

"తప్పేనని మెల్లగా అంటారేంటి? దీనికి పెంచండి శ్రుతి!"

మాస్టారు రుమాలు జేబులో పెట్టుకున్నారు. "డ్రైవింగ్ స్కూలు మా బావమరిదిది. తెలిస్తే ఈ సీట్లోంచి దింపేస్తాడు. దిగితే ఇంట్లో కూర్చోవాలి. నాకు కూర్చోవడం ఈ సీట్లోనే వచ్చు" అన్నారు.

వదినకి అన్నయ్య గుర్తొచ్చాడు. పొద్దున్న బయల్దేరేటప్పుడు కిటికీ దగ్గర కూర్చుని, వీధిలో పోయే ప్రతి బండి హారన్నీ గుర్తుపట్టి పేరు చెబుతున్నాడు. కోపం సగం దిగింది. మిగతా సగం దిగకుండా పట్టుకుంది, దిగితే మాట జారిపోతుందని.

"ఒకటడుగుతాను, నిజం చెప్పండి. ఆ చదవడం వల్ల మీకు ఒరిగేదేంటి? భయం పోతుందా?"

"పోదు. భయం లోపల అటూ ఇటూ తిరుగుతుంటుంది చూడు, అది ఓ చోట కూర్చుంటుంది. అంతే. అది కూర్చుంటే చేతులు మన మాట వింటాయి."

ఆపదలో ఉన్నవాడికి కావలసింది ముందు ఆ 'ఆపు' అనిపించింది వదినకి. కానీ పైకి అనలేదు. కారు వెనక్కి తిప్పి మైదానం గేటు దగ్గరికి తెచ్చింది.

అక్కడ గుమాస్తా చెయ్యూపుతున్నాడు. "మధ్యాహ్నం పరీక్షకి ఒకాయన రాలేదండీ. మీరు కూర్చుంటానంటే ఖాళీ ఉంది. ఇప్పుడే చెప్పాలి. ఆలోచించుకుని చెబుతానంటే కుదరదు."

వదిన మాస్టారి వైపు తిరిగింది. "కూర్చుంటాను. కానీ ఆ పక్కనుండేది నోరు లేని మనిషి. మళ్ళీ చెవులే చూస్తాయి."

"నువ్వే చదువు" అన్నారు మాస్టారు.

"నేను చదివితే శ్రుతి ఎవరు పెంచుతారు?"

"నువ్వే పెంచాలి. పెంచాలంటే ముందు నువ్వే చూడాలి కదమ్మా."

ఇన్నాళ్ళ పాఠాల్లో మాస్టారు నోటితో నేర్పిన మొదటి పాఠం అదే. వదిన తలూపింది. "సరే. కానీ నాదో షరతు. ఇవాళ సాయంత్రం మీరే వెళ్ళి మీ బావమరిదికి చెప్పాలి. రేపట్నుంచి ఆ బ్రేకు దగ్గర కాలున్న మనిషి కూర్చోవాలి. ఒప్పుకుంటేనే నేనీ కారు తీస్తాను."

మాస్టారు కారు తలుపు తీశారు. రెండు చేతులతో తొడ పట్టుకుని కాలు బయట పెట్టారు. కిందికి చూసుకున్నారు. నిలబడ్డారు.

"ఒప్పుకున్నా" అన్నారు.

*

పరీక్షాధికారి వచ్చి మాస్టారి సీట్లో కూర్చున్నాడు. బెల్టు పెట్టుకుని, ఎదురుగా చూస్తూ, "ఎడమ" అన్నాడు.

వదిన ఎడమకి తిప్పి స్తోత్రం అందుకుంది.

ఆయన తల కొంచెం కదిలింది. పరీక్షలో అభ్యర్థి పాడకూడదని నియమం లేదు. నిద్రపోకూడదని ఉంది, ఫోను పట్టుకోకూడదని ఉంది. స్తోత్రం సంగతి ఎవరికీ తట్టలేదు. తట్టనిదానికి మార్కులు తీయడం ఎలాగో తెలియక ఆయన ఊరుకున్నాడు.

మొదట్లో వదిన గొంతు వణికింది. రెండో శ్లోకానికి ఊపిరి కుదిరింది. ఎదురుగా తెల్లగీత కనిపించింది. ఎవరి గొంతూ లేవలేదు, లేవాల్సింది తనదే. గీత దగ్గరవుతోంది. వదిన గొంతు లేచింది, దాంతోపాటు కాలు దిగింది. కారు గీతకి మూరెడు ఇవతల, ఇస్త్రీ మడత పెట్టినట్టు ఆగింది. మలుపు దగ్గర మాట విడివిడిగా పలికింది, కారు కాలిబాట అంచుని పలకరించకుండా తిరిగింది. రివర్సుకి మాత్రం స్తోత్రం ముందుకే నడిచింది, బండి వెనక్కి నడిచింది. రెండూ సరిగ్గానే చేరుకున్నాయి.

"ఆపండి" అన్నాడు పరీక్షాధికారి.

వదిన గేరు తీసి, చేతి బ్రేకు లాగింది. లోపల భయం నిజంగానే ఓ మూల కూర్చుని ఉంది, బుద్ధిగా. తప్పులేమీ పడలేదని ఆవిడకి తెలుసు. ఆయనకీ తెలుసు. రేపు పొద్దున్న వ్యాను తాళాలు అన్నయ్య చేతిలో పెట్టి, తిరిగి ఆయన చేత్తోనే ఇప్పించుకోవాలని అప్పుడే అనుకుంది.

అప్పుడాయన నాలుగో మాట మాట్లాడాడు.

"ఒక్క ప్రశ్న. మీరిప్పుడు చదివింది ఈ కారులో వచ్చిన చాలామంది పెదాల మీద చూశాను. వాళ్ళెవరూ గీత దగ్గర ఆగరు. ఆగడానికి ఎవరి అనుమతి కోసమో చూస్తున్నట్టుంటారు. మీ మాస్టారు ఎప్పుడైనా తన వైపు బ్రేకు తొక్కగా చూశారా?"

వదిన నోట్లో స్తోత్రం ఆగిపోయింది.

"జవాబు చూసుకుని చెప్పండి" అన్నాడాయన, కోపమేమీ లేకుండానే. "నేర్పే మనిషి నేర్పడానికి పనికిరాడని తేలితే, ఆయన దగ్గర నేర్చుకున్నది చెల్లదు. మళ్ళీ ఇంకోచోట మొదట్నుంచి నేర్చుకుని రావాలి. నియమం."

తొక్కారని అంటే ఇప్పుడే లైసెన్సు, రేపే వ్యాను. తొక్కలేదంటే రెండూ లేవు. అబద్ధం చిన్నది, ఒక్క అక్షరం తేడా కూడా కాదు, తల నిలువుగా ఊపితే చాలు. వదిన పక్కకి చూసింది. కిటికీ అద్దం దించి ఉంది. కాస్త దూరంలో మాస్టారు కిందికి చూసుకుంటూ, ఒక్కో అడుగూ వెతుక్కుంటూ ఇటే వస్తున్నారు. ఆవిడకి లారీ గుర్తొచ్చింది. ఆ లారీ ఉన్నచోట బడిపిల్ల ఉంటే అనుకుంది.

"చూళ్ళేదు" అంది వదిన. "ఒక్కసారి కూడా తొక్కలేదు."

"తొక్కే అవసరం రాలేదా? తొక్కలేకపోయారా?"

"ఆ రెండో ప్రశ్న ఆవిడది కాదండీ, నాది" అన్నారు మాస్టారు, వదిన వైపు తలుపు తీస్తూ. "నువ్వు వెనక సీట్లోకెళ్ళమ్మా."

"మాస్టారూ, వద్దు."

"వెళ్ళమ్మా. ఇన్ని పాఠాలు చెప్పిన కారు. ఒక్క చుట్టు నడిపి చూపిస్తాను. నడపగలిగితే నేను పనికొస్తాను, నువ్వు నేర్చుకున్నది చెల్లుతుంది. నడపలేకపోతే ఈయన ముందే దిగిపోతాను." ఆయన పరీక్షాధికారి వైపు చూశారు. "ఒప్పుకుంటారా?"

పరీక్షాధికారి మైదానాన్ని ఓసారి కలియజూశాడు. ఈ చివర నుంచి ఆ చివరదాకా మనిషి లేడు. తన కాళ్ళ దగ్గరున్న బ్రేకు చూసుకున్నాడు. ఖాళీ మైదానంలో తప్పులు రాసుకోవడమే తప్ప, దాన్ని ముట్టుకునే పని ఆయనకి ఎప్పుడూ పడలేదు.

"నెమ్మదిగా నడపండి. ఇటు బ్రేకుంది, నేను చూసుకుంటాను" అన్నాడు.

వదిన వెనక కూర్చుంది. మాస్టారు స్టీరింగు ముందు కూర్చుని, కుడికాలు రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకున్నారు. కిందికి చూసి, ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టారు. తలెత్తారు.

"చదువమ్మా" అన్నారు. "నువ్వు చదువు, నేను నడుపుతాను."

వదిన అందుకుంది. కారు కదిలింది. మొదటి మలుపు తిరిగింది, అందంగా తిరిగింది. ఎన్నేళ్ళ చేతులవి! వదిన గొణుగుతోంది, కారు సాగుతోంది, మాస్టారి భుజాలు దిగాయి. పరీక్షాధికారి కూడా కాళ్ళు చాపుకున్నాడు. రెండో మలుపు దాటగానే ముందు తెల్లగీత. గీత అవతల గేటు. మధ్యాహ్నం పరీక్ష అయిపోయిందనుకుని గుమాస్తా గేటు బార్లా తీసి పెట్టాడు. గేటు అవతల రోడ్డు.

వదిన శ్రుతి పెంచింది.

కారు వేగం తగ్గలేదు. స్పర్శ లేని కాలు ఎంత బరువుగా ఆనిందో ఆ కాలికే తెలియదు. ఇంజను గొంతు వదిన గొంతుతో పోటీ పడి లేచింది. మాస్టారు బ్రేకు ఎక్కడుందో చూసుకోవడానికి తల కిందికి దించారు. రోడ్డు వైపు చూసేవాళ్ళు లేరు.

పరీక్షాధికారి తన వైపు బ్రేకు తొక్కాడు. మళ్ళీ తొక్కాడు. రెండు కాళ్ళూ పెట్టి తొక్కాడు. చలికాలం నుంచి ఏ కాలూ తగలని ఆ బ్రేకు తుప్పు పట్టి, రాయిలా బిగుసుకుని, అంగుళం కూడా కిందికి దిగలేదు. చేతి బ్రేకు సంగతి ఎవరికీ తట్టలేదు.

తెల్లగీత కారు కిందికి వెళ్ళిపోయింది. వదిన శ్రుతి ఇంకా పెంచింది.